వెంకటరామారావు మాస్టారి వానర వర్గీకరణ

ఖమ్మం జిల్లా చరిత్ర రాసిన పెద్దలు కోటల గురించి రాశారు, బొగ్గు గనుల గురించి రాశారు, గోదావరి వరదల గురించి తేదీలతో సహా రాశారు. ఒక ముఖ్య ఘట్టాన్ని మాత్రం వదిలేశారు. 2003 జూన్ నుంచి దాదాపు రెండున్నరేళ్లపాటు, సెలవు దినాలు మినహాయించి, రోజూ పొద్దున ఏడూ పది నుంచి ఏడున్నర దాకా, భద్రాచలం బస్టాండు పక్కన ఒక టీ కొట్టు బల్ల మీద సమస్త మానవజాతి వర్గీకరణ జరిగింది. వర్గీకరించినవాడు వెంకటరామారావు, బయాలజీ మాస్టారు. పరికరాలు ఒక గాజు గ్లాసు, ఒక జత కళ్లద్దాలు.

దుమ్ముగూడెం బస్సు వచ్చేలోగా ఎదుట కనబడ్డ మనుషులందరినీ అతను వానర కుటుంబాల్లోకి సర్దేసేవాడు. చేతులు మోకాళ్ల దాకా వేలాడేసుకుని బస్సు కమ్మీ పట్టుకు ఊగే కండక్టరు గిబ్బన్. కళ్లు పెద్దవి చేసి పాలు పొంగకుండా కాపలా కాసే టీ కొట్టాయన టార్సియర్. ఎండకు పొట్ట తిప్పుకుని, లోకంతో నిమిత్తం లేకుండా కూర్చున్న పించను ముసలాయన లెమూర్. తెలియని మనిషి ఎవరైనా రెండు కుటుంబాల మధ్య ఎటూ తేలకుండా ఉంటే, అతను బస్సెక్కి వెళ్లిపోయేదాకా వెంకటరామారావు గ్లాసు కింద పెట్టేవాడు కాదు. జనాభా లెక్కలకు తిరిగే ఉద్యోగుల్లో కూడా ఇంత నిష్ఠ చూడలేం.

ఇదంతా ఎగతాళి అనుకుంటే పొరపాటు. వానరాలంటే అతనికి భక్తి. ఆ పాఠం వచ్చిందంటే బొమ్మల పటం విప్పి గోడకు తగిలించి, కర్రతో ఒక్కొక్కరినే పరిచయం చేసేవాడు. పెద్ద కళ్ల దేవాంగపిల్లుల కుటుంబం, మడగాస్కర్ దీవి లెమూర్లు, పిడికెడంత టార్సియర్లు, తోకతో కొమ్మ పట్టుకునే అమెరికా కోతులు, మన కోతులూ కొండముచ్చులూ కలిసి ఉండే పాత ప్రపంచపు కుటుంబం, గిబ్బన్లు, ఆఖరున గొరిల్లా, చింపాంజీ, మనం. ‘మనం’ అనే చోట గొంతు కాస్త తగ్గేది, పెళ్లి విందులో దూరపు చుట్టాన్ని చూపించినట్టు.

ఇన్ని కుటుంబాల్లో మీకు ఇష్టమైనది ఏది సార్ అని అడిగితే అతను వెంటనే చెప్పేవాడు కాదు. అడగకపోయినా చెప్పేవాడు గానీ, వెంటనే మాత్రం చెప్పేవాడు కాదు. ఎందుకంటే అతని ఇష్టానికి ఒక చరిత్ర ఉంది. దాన్ని యుగాలుగా విడగొట్టుకుంటే తప్ప అర్థం కాదు. సత్తుపల్లిలో డిగ్రీ చదివిన కాలం టార్సియర్ యుగం. దాని ఒక్కో కన్ను దాని మెదడంత ఉంటుందట. అప్పుడే సోడాబుడ్డి కళ్లద్దాలు వచ్చి, తోటివాళ్ల చేత పేర్లు పెట్టించుకుంటున్న కుర్రవాడికి ఆ సంగతి కొండంత అండ అయింది. బీఈడీ నాటికి గొరిల్లా యుగం వచ్చింది. చూస్తే భీకరం, తినేది ఆకులు. రేపు పిల్లల మీద పెత్తనం చెయ్యబోయేవాడికి ఇంతకంటే ఆదర్శం ఎక్కడ దొరుకుతుంది? పెళ్లితో గిబ్బన్ యుగం మొదలైంది. గిబ్బన్లలో ఆలుమగలు జంట విడవరు, తెల్లవారగానే కొమ్మ మీద కూర్చుని ఇద్దరూ గొంతు కలిపి పాడతారు. ఈ విశేషాన్ని అతను పెళ్లయిన మూడోనాడు భార్య ప్రమీలారాణికి చెప్పాడు. ఆమె చీపురు ఆపకుండా విన్నది.

“పాడటం అయ్యాక పాలెవరు కాస్తారండీ?” అని అడిగింది.

జంతుశాస్త్రంలో దీనికి జవాబు లేదు. అయినా గిబ్బన్ యుగం పదమూడేళ్లు సాగింది.

ఆ పదమూడింట్లో తొమ్మిదేళ్లు తల్లాడ వైపు ఒక హైస్కూల్లో గడిచాయి. ఆ తర్వాత ఏజెన్సీకి బదిలీ అయింది. దుమ్ముగూడెం పోయే దారిలో గిరిజన ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల. బంధువులు వచ్చి పరామర్శించారు, దోమతెర కొనుక్కోమన్నారు. కూతురు సాహిత్యను ఖమ్మంలో ఒక కాన్వెంటు హాస్టల్లో చేర్చి, భార్యాభర్తలు భద్రాచలంలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. ఇంటి సామాను లారీలో వచ్చింది. వానరాల పటం మాత్రం చుట్ట చుట్టుకుని అతని చంకలో వచ్చింది.

బడి పెంకుటి వసారాలు, రేకుల వంటపాక, రెండు వందలమంది పిల్లలు. ఎక్కువమంది కోయ గూడేల వాళ్లు. హెడ్మాస్టరూ వార్డెనూ కూడా శ్యామల టీచరే కావడం వల్ల ఆమెకు వానరాల గురించి ఆలోచించే తీరిక లేదు. 2005 జులైలో, ఆటలకూ బడి శుభ్రతకూ పిల్లల్ని నాలుగు జట్లు చేయాలని అనుకున్నప్పుడు, ఆమె సులువుగా నాలుగు నదుల పేర్లు చెప్పింది: గోదావరి, శబరి, కిన్నెరసాని, తాలిపేరు. వెంకటరామారావు లేచి నిలబడ్డాడు. నదుల పేర్లు ప్రతి బడిలోనూ ఉంటాయనీ, విజ్ఞానశాస్త్రం పిల్లల నోట నలగాలంటే జట్లకు వానర కుటుంబాల పేర్లు పెట్టాలనీ, ఇది రాష్ట్రంలోనే మొదటి ప్రయోగం అవుతుందనీ పావుగంట ప్రసంగించాడు. శ్యామల టీచరు గడియారం చూసుకుంది.

“పేర్లు మీ ఇష్టం సార్. లెట్రిన్లు కడిగే డ్యూటీ మాత్రం వారం వారం మారాలె” అన్నది.

ప్రయోగానికి ఆ విధంగా ఆమోదం లభించింది.

ఎవరికి ఏది ఇష్టమో పిల్లలే ఎంచుకోవాలని అతని పట్టుదల. తొమ్మిదో తరగతిలో పటం తగిలించి, మూడు రోజులు అన్ని కుటుంబాల గుణగణాలూ వర్ణించి, నాలుగోరోజు అడిగాడు. ఆఖరికి ఒక చెయ్యి లేచింది. అది భద్రమ్మ చెయ్యి. వాగవతల గూడెంలో పగిడయ్య, ముత్తక్కల కూతురు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. పరుగులో ఆ బడిలో ఆమెను అందుకున్నవాళ్లు లేరు. సైన్సులోనూ అంతే. గంట కొట్టాక కూడా ప్రశ్నతో గుమ్మం దగ్గర నిలబడే పిల్ల ఆ బడి మొత్తానికి ఆమె ఒక్కతే.

“కొండెంగ సార్” అన్నది భద్రమ్మ. కొండముచ్చును అక్కడ కొండెంగ అంటారు.

మూడు రోజులు మడగాస్కర్ తిప్పి తీసుకొస్తే ఇంటి వెనక చెట్టు మీదున్నదాన్ని ఎంచుకుందే అని మాస్టారికి కొంచెం ఉసూరుమంది. ఎందుకని అడిగాడు.

“పులో చిరుతో వచ్చిందనుకోండ్రి, చెట్టు మీదికెల్లి ముందుగాల అదే అరుస్తది. అది అరిస్తే దుప్పులు గూడ ఉరుకుతయ్. కడుపు నిండినా ఒకటి పైన కూసొని కావలి కాస్తనే ఉంటది సార్. తన కోసమే గాదు, అందరి కోసం.”

పటం మీద ఇది లేదు. వెంకటరామారావు కర్ర కింద పెట్టాడు. తర్వాత అడిగితే తరగతంతా కొండెంగే కావాలన్నది. చీటీలు తీసి లెమూరు, గిబ్బన్, గొరిల్లా జట్లను నింపాల్సి వచ్చింది. కొండముచ్చు జట్టుకు భద్రమ్మను నాయకురాలిని చేశాడు. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పులు విప్పుతూనే, తన ఇష్టం మారిందని, ఇకనుంచి కొండముచ్చేనని ప్రకటించాడు. పదమూడేళ్ల గిబ్బన్ యుగం అలా ముగిసిందన్న వార్తను ప్రమీలారాణి నిబ్బరంగా స్వీకరించింది.

నాలుగు చెక్క బోర్డులు తెప్పించి, నాలుగు బొమ్మలూ అతనే రంగులతో వేశాడు. పొద్దున ప్రార్థనకు పిల్లలు ఆ బోర్డుల వెనక నిలబడేవారు. ‘లెమూరు జట్టు, సావధాన్’ అంటే లెమూరు జట్టు కిసుక్కున నవ్వి సావధానంగా నిలబడేది. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. ఆ సంగతి తర్వాత్తర్వాత అతను తనకు తాను చాలాసార్లు చెప్పుకున్నాడు.

నవంబరు పదిహేడున భద్రాచలంలో ఆ చుట్టుపక్కల బడులన్నిటికీ ఆటల పోటీలు పెట్టారు. మిగతా బడులు తమ పేరు రాసిన గుడ్డ పట్టుకుని కవాతు చేస్తే, తమ పిల్లలు నాలుగు బోర్డులతో చెయ్యాలని వెంకటరామారావు అనుకున్నాడు. ఈ బోర్డులు ఇక్కడే ఉంచితే పోదా అని శ్యామల టీచరు ఒకసారి అన్నది. ప్రయోగం నలుగురి కంటా పడకపోతే ప్రయోగం ఎలా అవుతుందని అతను జీపులోకి ఎక్కించాడు.

ఆ రోజు అతనికి వేదిక మీద స్థానం దొరికింది. ఫలితాలు రాసే పని. చొక్కాకు గులాబీరంగు రిబ్బను పువ్వు గుచ్చారు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. మైకు పట్టుకున్న అధికారికి కుడివైపు రెండో కుర్చీ. పక్కనున్న మాస్టార్లకు చేతుల్లేని కుర్చీలే దొరకడం అతను గమనించకపోలేదు. మైదానం చుట్టూ తాళ్లు కట్టారు. తాళ్ల అవతల పిల్లల తలిదండ్రులు, ఐస్ బండ్లు. జనంలో పగిడయ్య ఉన్నాడు, కూతురి పరుగు చూద్దామని పొద్దున్నే నడిచి రోడ్డెక్కి వచ్చాడు.

డప్పు మీద కవాతు మొదలైంది. వేదిక ముందుకు రాగానే ప్రతి జట్టూ తల కుడివైపుకు తిప్పి వందనం చెయ్యాలి. కొండముచ్చు బోర్డు ఎత్తి పట్టుకుని, మెడ నిక్కించి, భద్రమ్మ ముందు నడుస్తున్నది. సరిగ్గా వేదిక ముందుకు వచ్చేసరికి మైకాయన బోర్డు చదివాడు. మంచి మూడ్‌లో ఉన్న మనిషి.

“కొండముచ్చులు వచ్చేశాయండీ. అడవిలోంచి డైరెక్టుగా వచ్చినట్టున్నాయి. అరటిపళ్లుంటే దాచుకోండయ్యా.”

మైదానం గొల్లుమంది. ఎక్కడో మూలనుంచి ‘కీచు కీచు’మని అరుపులు లేచాయి. వేదిక మీదివాళ్లు నవ్వారు. మైకాయన వెనక్కి తిరిగి, తన హాస్యం ఎలా అందిందో చూసుకోవడానికి ఒక్కొక్క మొహమే పరికించాడు. ఆ చూపు రెండో కుర్చీ దాకా వచ్చింది. వెంకటరామారావు నవ్వాడు.

పెద్ద నవ్వేం కాదు. మూడు సెకన్లకు మించి ఉండదు. కానీ వందనం కోసం భద్రమ్మ తల కుడివైపుకే తిరిగి ఉంది.

కోతుల గుంపులో పెద్దకోతి చూసినప్పుడు చిన్నకోతి పెదవులు వెనక్కి లాగి పళ్లు బయటపెడుతుంది. తెలియనివాళ్లు దాన్ని నవ్వు అనుకుంటారు. అది నవ్వు కాదు, నీకు లొంగే ఉన్నానని చెప్పుకోవడం. ఈ ముక్క వెంకటరామారావు ఏటా తరగతిలో తన పళ్లు బయటపెట్టి మరీ చూపించేవాడు. పిల్లలు బాగా గుర్తుపెట్టుకునేవారు. వేదిక మీద మాత్రం అతనికే గుర్తు రాలేదు. తాను ఎవరిని చూసి పళ్లు ఇకిలించాడో తెలిసేసరికి జట్టు దాటిపోయింది.

ఎనిమిది వందల మీటర్ల పరుగుకు భద్రమ్మ పేరు మూడుసార్లు పిలిచారు. ఎవరూ రాలేదు. ఫలితాల కాగితంలో ఆమె పేరుకెదురుగా ‘గైర్హాజరు’ అని రాయాల్సిన పని అతనిదే కాబట్టి రాశాడు. బోర్డు మంచినీళ్ల పంపు దగ్గర దొరికింది. బొమ్మ గోడవైపు తిప్పి, జాగ్రత్తగా ఆనించి పెట్టి ఉంది. తండ్రి వెంట వెళ్లిపోయిందని మిగతా పిల్లలు చెప్పారు.

భద్రమ్మ మర్నాడు రాలేదు, వారం గడిచినా రాలేదు. శ్యామల టీచరు స్టాఫ్ రూములోకి హాజరుపట్టీ తీసుకొచ్చి, నెలాఖరుకు బడి మానేసిన పిల్లల జాబితా పంపాలని, ముప్పయ్యో తారీఖు లోపల రాకపోతే ఆ పిల్ల పేరు అందులో చేర్చక తప్పదని చెప్పింది. జాబితాలోకి ఎక్కిన పేర్లు తిరిగి బడికి రావడం తన సర్వీసులో రెండుసార్లే చూసిందట. మైదానంలో ఏమైనా జరిగిందా, మీరు వేదిక మీదనే ఉన్నారు కదా అని అడిగింది.

“నాకేం తెలియదండి” అన్నాడు వెంకటరామారావు.

నవ్వు మూడు సెకన్లది. ఈ మాట అంతకంటే పొట్టిది. ఒకటి పొరపాటని సర్దుకోవచ్చు, రెండోది మాత్రం అతను ఆలోచించి చెప్పాడు.

ఆ తర్వాత టీ కొట్టు దగ్గర ఒక వింత జరిగింది. బల్ల మీద కూర్చుని కండక్టరు వైపు చూస్తే కండక్టరే కనిపించాడు. టీ కొట్టాయన, నిద్ర చాలక కళ్లు ఉబ్బిన టీ కొట్టాయనలాగే ఉన్నాడు. పించను ముసలాయన చలికి ఎండ కాగుతున్నాడు. రెండున్నరేళ్ల శాస్త్రం ఒక్కసారిగా పనిచెయ్యడం మానేసింది. బస్సు వచ్చేదాకా అతను గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాడు. ఇంట్లో ప్రమీలారాణి రెండు రోజులు గమనించి, మూడోరోజు అడిగింది. చెప్పాడు. నవ్వు సంగతి కూడా చెప్పాడు. ఆమె గిబ్బన్ల మీద వేసినట్టు ప్రశ్నేమీ వెయ్యలేదు. ఆదివారం ఉతికిన చొక్కా తీసి పెట్టింది.

ఆదివారం ఇరవై ఏడో తారీఖు. ఒకరింటికి వట్టి చేతులతో పోకూడదు కాబట్టి బస్టాండులో పళ్లు కొన్నాడు. బస్సు ఊరు దాటాక, ఒళ్లోకి చూసుకుంటే డజను అరటిపళ్లు.

అతనికి చెవుల దాకా వేడెక్కింది. దిగేటప్పుడు ఆ సంచి సీటు కింద మరిచిపోయినట్టు వదిలేశాడు. బస్సు కదిలి, మళ్లీ ఆగింది. కండక్టరు తలుపులోంచి వంగి, “సార్, మీ అరటిపండ్లు” అని కేకేసి అందించాడు. వాగు దాటే చోట, దారి పక్కన కొమ్మకు ఆ సంచి తగిలించి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుని నడిచాడు. నడుస్తూ ప్రసంగం వల్లె వేసుకున్నాడు. మూడు భాగాలు. మనిషి కూడా వానర కుటుంబీకుడే అన్నది మొదటిది, కొండముచ్చు గొప్పదనం రెండోది, భద్రమ్మ భవిష్యత్తు మూడోది.

పగిడయ్య ఇంటిల్లిపాదీ గూడెం పక్కన మడిలో వరి కోస్తున్నారు. మాస్టారు గట్టు మీద నిలబడటం చూసి పగిడయ్య కొడవలి నడుముకు చెక్కుకుని వచ్చాడు. కల్లం దగ్గర నీడలో మంచం వేసి, దుప్పటి దులిపి పరిచాడు. ముత్తక్క చెంబుతో నీళ్లిచ్చింది. భద్రమ్మ మడిలోనే వంగి కోస్తూ ఉంది, తల ఎత్తలేదు.

మాస్టారు మంచం మీద, పగిడయ్య ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. మీరూ కూర్చోండని మంచం చూపిస్తే, ఫర్లేదన్నాడు. అలా ఒకరు పైనా ఒకరు కిందా ఉండగా మానవజాతి ఏకత్వం గురించి మొదలుపెట్టడం కష్టమని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. అయినా మొదలుపెట్టాడు. మనమందరం ఒకే కుటుంబం, శాస్త్రం ప్రకారం కోతి అనడం అవమానం కాదు, అని రెండు నిమిషాలు మాట్లాడాడు. పగిడయ్య మర్యాదగా తలూపాడు. తర్వాత భార్యాభర్తలు కోయలో ఏదో మాట్లాడుకున్నారు. వెంకటరామారావుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ల పిల్లలకు రెండున్నరేళ్లుగా పాఠం చెబుతున్నాడు. మడగాస్కర్ లెమూర్ల పేర్లు పదిహేను తడుముకోకుండా చెప్పగలడు.

ముత్తక్క అతనివైపు తిరిగింది.

“సారూ, మీకు బిడ్డ ఉన్నదంట గదా. సదువుతాందా?”

“ఖమ్మంలో అండీ. ఎనిమిదో తరగతి.”

“ఆ బడిల గూడ గిట్ల జట్లు ఉంటయా?”

“ఉంటాయి.”

“మీ బిడ్డది ఏ జట్టు?”

వెంకటరామారావు నీళ్ల చెంబు వైపు చూశాడు. “రూబీ” అన్నాడు.

“అది ఏం జంతువు సారూ?”

“జంతువు కాదమ్మా. రత్నం. కెంపు.”

“కెంపు” అన్నది ముత్తక్క. ఆ మాటలో వెటకారం లేదు, కోపం లేదు. సంతలో ఒక వస్తువు ధర అడిగి, విని, అక్కడే పెట్టేసినట్టు అన్నది. మడిలో కొడవలి చప్పుడు వినిపిస్తున్నది.

ప్రసంగంలో మిగిలిన రెండు భాగాలూ ఎటు పోయాయో తెలియలేదు. వెంకటరామారావు మంచం దిగి నేల మీద కూర్చున్నాడు. అనుకోనిది నోట్లోంచి వచ్చింది.

“తల్లాడ వైపు తొమ్మిదేళ్లు పనిచేశానండీ. అక్కడ కూడా జట్లు పెట్టాం. ఈ పేర్లు పెట్టాలని నాకు అప్పుడే అనిపించింది. పెట్టలేదు.”

“ఎందుకు సారూ?” అన్నాడు పగిడయ్య.

“పెడితే అక్కడి తలిదండ్రులు ఊరుకోరు. సాయంత్రానికి నలుగురు బళ్లేసుకుని బడి మీదికి వస్తారు.”

పగిడయ్య గడ్డిపరక ఒకటి తీసి వేలికి చుట్టుకున్నాడు.

“మేం ఊకుంటం అనుకున్నరు” అన్నాడు. అడిగినట్టు కాదు.

“అవునండి.”

అప్పటికి భద్రమ్మ మోపు ఎత్తుకుని కల్లంలోకి వచ్చింది. మోపు దించి, చేతులు దులుపుకుని, కొంచెం దూరంగా నిలబడింది. బళ్లోలాగే చేతులు కట్టుకున్నది. అలవాటు.

“నాకు కొండెంగ అంటే ఇష్టమే సార్” అన్నది. “నేనే గద ముందుగాల చెయ్యి లేపిన. మైకుల ఆయన అన్నప్పుడు గూడ నాకేం కాలె. ఆయనకేం తెల్వదు, కొండెంగ సంగతి మీకు తెల్సు గదా అని మీ దిక్కు చూసిన. మీరు నవ్విన్రు.”

“నవ్వానమ్మా.”

“ఎందుకు సార్?”

వెంకటరామారావు చాలా ప్రశ్నలకు తయారై వచ్చాడు. దీనికి తయారై రాలేదు. “అతను పెద్ద ఆఫీసరు. నా వైపు చూశాడు. నవ్వకపోతే బాగుండదనిపించింది” అన్నాడు. తర్వాత, “తప్పు చేశాను. నన్ను క్షమించు” అన్నాడు. క్షమించు అన్న మాట ఆ కల్లంలో పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు వినబడింది. కానీ అతని దగ్గర వేరే మాట లేదు.

భద్రమ్మ తల వంచుకున్నది. “సరే సార్” అన్నది, హోంవర్కు చెప్పినప్పుడు అన్నట్టు. తర్వాత, “బొమ్మ మంచిగనే ఏసిన్రు సార్. తోకనే జర పొడుగైంది” అన్నది. ఆ పిల్ల తనను ఓదార్చడానికి చూస్తున్నదని అర్థమయ్యేసరికి అతనికి మైదానంలో నవ్విన దానికంటే ఎక్కువ సిగ్గేసింది.

బడికి పంపుతారా అని వెళ్లబోతూ అడిగాడు. ముప్పయ్యో తారీఖు సంగతి, జాబితా సంగతి దాచకుండా చెప్పాడు.

“చూద్దాం సారూ” అన్నది ముత్తక్క. కొంగు బిగించుకుని మడిలోకి దిగింది.

సోమవారం ప్రార్థనకు ముందు అతను శ్యామల టీచరు దగ్గరికి వెళ్లి, తనకు తెలియదన్నది అబద్ధమని చెప్పాడు. ఆమె హాజరుపట్టీలోంచి తల ఎత్తకుండానే విని, ఆ సంగతి పిల్లలు తనకు అదే రోజు చెప్పారన్నది. అడిగింది అతను ఏమంటాడో చూద్దామనట. పిల్లల ముందు మాట్లాడటానికి అయిదు నిమిషాలు ఇచ్చింది. రాత్రి రాసుకున్న కాగితాలు జేబులోంచి తీసి, చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

“ఆ పేర్లు పెట్టింది నేను. మైదానంలో మీ భద్రమ్మను చూసి అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వాను. రెండూ తప్పే” అన్నాడు.

అయిదు నిమిషాల్లో నాలుగున్నర మిగిలిపోయాయి. చప్పట్లు కొట్టాలో వద్దో పిల్లలకు తెలియలేదు. మూడో తరగతి వాళ్లు కొట్టి, వెనక్కి తిరిగి చూసి ఆపేశారు. ఆ మధ్యాహ్నం నాలుగు బోర్డుల మీదా తెల్ల సున్నం పూసి, ఆరాక నదుల పేర్లు రాశాడు. కొండముచ్చు శబరి అయింది. మొదటి పూతకు తోక పోలేదు. రెండో పూత వెయ్యాల్సి వచ్చింది.

మంగళవారమంతా గేటు వైపు చూశాడు. బుధవారం ముప్పయ్యో తారీఖు. శ్యామల టీచరు జాబితా రాయడం మొదలుపెట్టి, ఆఖరి గడి ఖాళీగా వదిలి, పెన్ను మూత పెట్టింది. పదకొండు గంటలకు గేటు తీసిన చప్పుడైంది. నెత్తిన రేకు పెట్టెతో ముత్తక్క, ఆ వెనక భద్రమ్మ. వెంకటరామారావు వసారాలోంచి చూశాడు. తప్పు ఒప్పుకున్న మనిషి మాటకు ఎంత బలం ఉంటుందో, నేల మీద కూర్చుని చెప్పిన ఒక్క నిజం ఒక పిల్ల చదువును ఎలా నిలబెడుతుందో, ముందు ముందు ఎప్పుడైనా రాయాలనుకున్నాడు. దానికి మొదటి వాక్యం కూడా అక్కడికక్కడే కుదిరింది.

ఎదురు వెళ్లి పెట్టె అందుకోబోయాడు. ముత్తక్క ఇవ్వలేదు, తానే దించింది. బిడ్డను పంపినందుకు ఆమెకు కృతజ్ఞతలు చెప్పి, తన మాట మన్నించినందుకు మరీ మరీ చెప్పాడు. ఆమె అతన్ని అయోమయంగా చూసింది.

పగిడయ్య మడిలో వరికోత ముందురోజు సాయంత్రానికి అయిపోయింది.